కలము, గాలము: జేన్ గ్రే జీవితము

తన పరాజయమును ఓర్చుకొనుట ఒక విద్య. ఇతరుల విజయమును ఓర్చుకొనుట మరియొక విద్య. మొదటిదానిని చక్కగా అభ్యసించి రెండవదానియందు తడబడినవారు లోకమున పెక్కుమంది కలరు. అమెరికా దేశపు నవలాకారుడును, మహాసముద్రములందు పెనుచేపలను గాలముతో వేటాడుటలో పేరుమోసినవాడును అగు జేన్ గ్రే అట్టివారిలో నొకడు.

ఆయన 1872వ సంవత్సరము జనవరి 31వ తేదీన ఒహాయో రాష్ట్రములోని జేన్స్‌విల్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము ఆయన తల్లి వంశీయుల పేర వెలసినదే. తండ్రి దంతవైద్యుడు, మిక్కిలి కఠినస్వభావుడు. పదునైదేండ్ల ప్రాయమున బాలుడు ఒక కథ వ్రాసి దాచుకొనగా, తండ్రి దానిని చించివేసి కొడుకును కొట్టెను. ఏటి యొడ్డున గాలము వేసి కూర్చుండుటయు ఆ తండ్రికి గిట్టదు. అయితే ఆ ఊరిలో చేపలు పట్టుకొనుచు కాలము గడుపు ఒక వృద్ధుడుండెను. ఊరివారు లెక్కచేయని ఆ వృద్ధుని బాలుడు గురువుగా నెంచెను. చేపలు పట్టుటయు కథలు వ్రాయుటయు రెండును తగిన పనులే యని ఆయన బాలునకు ధైర్యము చెప్పెను. తండ్రి చేతిదెబ్బ కొంతకాలమునకు మానినది. ముసలివాని మంచిమాట మాత్రము కడవరకు నిలిచినది.

బేస్‌బాల్ ఆటలోని నేర్పు వలన ఆయనకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున చదువుకొను అవకాశము లభించెను. అచ్చట దంతవైద్యమున 1896లో పట్టము పొంది న్యూయార్కు నగరమున వైద్యశాల తెరచెను. పండ్లు పీకుచున్నను మనసంతయు నదులమీదనే. సెలవు దొరకిన చాలు, పెన్సిల్వేనియాలోని లాకవాక్సెన్ గ్రామమునకు పోయి డెలవేర్ నదిలో చేపలు పట్టుచుండెడివాడు. 1900లో అచ్చటనే లీనా రోత్ అను విద్యార్థిని పరిచయమయ్యెను. ఆమెను అందరును డాలీ అని పిలుతురు. 1905లో వారికి వివాహమయ్యెను. పిమ్మట ఆయన వైద్యవృత్తిని విడిచి రచననే వృత్తిగా స్వీకరించెను.

విడుచుట సులభమే, జీవించుట కష్టము. మొదటి నవలను ఏ ప్రకాశకుడును స్వీకరింపకపోగా, 1903లో దానిని సొంతముగనే అచ్చువేయించుకొనవలసి వచ్చినది. 1907లో అరిజోనా ఎడారికి పోయి, అచ్చటి అనుభవములతో వ్రాసిన గ్రంథమును గొప్ప ఆశతో న్యూయార్కులోని హార్పర్ సంస్థకు సమర్పింపగా, ఈయనకు వ్రాయగల శక్తి ఉన్నదని తమకు తోచుటలేదని సంపాదకుడు త్రిప్పిపంపెను. ఆ మాట విన్నవాడు మరియొకడైనచో తిరిగి దంతవైద్యశాలకే పోయియుండును. గ్రే మరల కలము పట్టెను. 1910లో అదే సంస్థ ఆయన నవలను ప్రకటించినది. 1912లో వెలువడిన ‘రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్’ ఆయనను దేశమంతట ప్రసిద్ధుని చేసెను. ఈ విజయమున డాలీకి సగపాలు కలదు. భర్త వ్రాసిన చిత్తుప్రతులను దిద్దుట, శుద్ధప్రతులు తయారుచేయుట, ప్రకాశకులతో బేరసారములు, లెక్కలు, బిడ్డల పెంపకము అన్నియు ఆమెవే.

ధనము చేకూరగనే గ్రే దృష్టి నదులనుండి సముద్రముమీదికి మరలెను. కాలిఫోర్నియా తీరమునకు ఎదురుగా శాంటా కాటలీనా అను ద్వీపము కలదు. దానిలోని అవలాన్ గ్రామము సముద్రపు గాలపువేటకు పుట్టినిల్లు. 1898లో చార్లెస్ హోల్డర్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు అచ్చట 183 పౌనుల ట్యూనాను చేతికర్రతో, సన్నని దారముతో పట్టి, ఆ యేడే ట్యూనా క్లబ్బును స్థాపించెను. అనగా సుమారు 83 కిలోగ్రాముల చేప!

ట్యూనా మిక్కిలి బలముగలది. మిక్కిలి శంకగలది కూడ. పడవ చప్పుడు వినబడినంతనే గుంపంతయు లోతులకు దిగిపోవును. దానికి అవలాన్ నావికుడు జార్జి ఫార్న్స్‌వర్త్ ఒక చమత్కారపు ఉపాయము కనుగొనెను. గాలిపటమును ఎగురవేసి, దారమును దానికి తగిలించి, ఎరను పడవకు దూరముగా నీటిమీద ఎగిరెగిరిపడునట్లు చేసెను. ఎగిరెడు చేప ప్రాణభయముతో పారిపోవుచున్నదని తలచి ట్యూనా దానిపై దుముకును. ఈ విద్యను గ్రే శ్రద్ధగా నేర్చి, 1919లో ప్రకటించిన ‘టేల్స్ ఆఫ్ ఫిషెస్’ గ్రంథమున వర్ణించెను.

అచ్చటనే ఆయన లోపమును బయటపడినది. ఆయన పట్టిన కత్తిచేపకంటె పెద్దదానిని 1921లో ఒక స్త్రీ పట్టెను. గ్రే దానిని సహింపలేక, అది ఆమె ఒంటరిగా సాధించినది కాదని పరిహాసముగా పలికెను. క్షమాపణము చెప్పవలసినదని క్లబ్బువారు పట్టుబట్టిరి. ఆయన క్షమాపణము చెప్పెను, క్లబ్బును విడిచెను. కథ త్రిప్పివచ్చినపుడు చలింపనివాడు ఒక చేప బరువునకు చలించెను.

1924లో కెనడా దేశపు నోవా స్కోషియా తీరమున ఆయన 758 పౌనుల ట్యూనాను పట్టి ప్రపంచమున ప్రథముడని పేరొందెను. ఆ యేడే అచ్చటనే ఒక తెరచాప ఓడను కొని ‘ఫిషర్‌మన్’ అని పేరుపెట్టి, మరుసటి యేట గలాపగోస్ మొదలగు దూరద్వీపములకు ప్రయాణమయ్యెను. 1926లో న్యూజిలాండు చేరెను. అచ్చటివారు పడవను నిలిపి ఎరను లోతునకు దింపి వేచియుండెడివారు. గ్రే పడవను నడపుచు ఎరను నీటిపైననే ఈడ్చు పద్ధతిని అవలంబించెను. దానితోపాటు గాలములేని రంగుచెక్కముక్కలను పడవ వెనుక కట్టి ఈడ్పించెడివాడు. అవి నురుగు లేపుచు పారిపోవు చేపలవలె తోచును. వానిని చూచి పెనుచేప పైకి రాగా, అపుడు నిజమైన ఎరను దాని ముందుకు జారవిడుతురు. ఆశ చూపునది ఒకటి, పట్టునది మరియొకటి. నేడు ట్యూనా వేటలో వాడెడి స్ప్రెడర్ బారు అను సాధనమునందును ఇదే సూత్రము కలదు. ఒక అడ్డకడ్డీకి వరుసలుగా కృత్రిమపు ఎరలను వ్రేలాడదీసి ఈడ్చినచో చిన్నచేపల గుంపు పరుగెత్తుచున్నట్లుండును. సామాన్యముగా చిట్టచివరిదానికి మాత్రమే గాలముండును. గుంపునకు వెనుకబడిన ఆ ఒక్కదానినే వేటచేప పట్టబోవును.

గాలములేని ఎరవంటిదే కీర్తియు. దానివెంట గ్రే సముద్రమునుండి సముద్రమునకు పరుగిడెను. 1930 మే నెలలో తాహితి ద్వీపమువద్ద ఆయన గాలమునకు ఒక మహామార్లిన్ తగిలినది. మన విశాఖ జాలరులు కొమ్ముకోనాం అని పిలుచు చేపలు ఈ కుటుంబమువే. దీర్ఘపోరాటము పిమ్మట ఒడ్డు చేరిన దానిని తూచగా 1,040 పౌనులు, అనగా దాదాపు 472 కిలోగ్రాములు తూగెను. వేయి పౌనులు దాటిన చేపను గాలపుకర్రతో సాధించినవాడు అంతకుముందు లేడు. కాని తోకవైపు మాంసమును సొరచేపలు అప్పటికే కొరికివేసినవి. గెలుపు చేతికి వచ్చియు సంపూర్ణముగా రాలేదు.

ఆయన చూపు నిశితమైనది. వలలు, డబ్బాల కర్మాగారములు కాలిఫోర్నియా తీరపు మత్స్యసంపదను తరగించుచున్నవని ఆయన ముందుగనే హెచ్చరించెను. అయినను తాను మాత్రము చేపవెంట చేపను చంపుచునే ఉండెను. ఈ వైరుధ్యమును దాచవలసిన పనిలేదు. 1930వ దశకమున ఆర్థికమాంద్యము వచ్చి ఆదాయము తగ్గినను, పెద్ద ఓడల వ్యయము తగ్గలేదు. ఆ భారమును ఇంటనుండి మోసినది డాలీయే. 1936లో ఆస్ట్రేలియాకు పోయి, సిడ్నీ సమీపమున 1,036 పౌనుల పులిసొరను పట్టెను. 1937లో పక్షవాతము సోకెను. దానినుండి కొంత తేరుకొన్నను, 1939 అక్టోబరు 23వ తేదీన కాలిఫోర్నియాలోని ఆల్టడీనాయందు ఆయన మరణించెను.

ఆ యేడే ఈ వేటకు అంతర్జాతీయ సంఘ మొకటి ఏర్పడినది. సొరచేపలు కొరికిన చేపను లెక్కింపరాదని దాని నియమము. కావున తాహితి మార్లిన్‌కు ఆ పట్టికలో స్థానము లేదు. నోవా స్కోషియా ట్యూనా కీర్తియు నిలువలేదు. 1979లో అదే తీరమున 1,496 పౌనుల ట్యూనా పట్టుబడినది. పౌనుల లెక్క యెప్పుడును అంతే. నేటి పెద్దచేప రేపటికి చిన్నది.

నిలిచినవి పుటలు. ఆయన అముద్రిత రచనలు మరణానంతరము ఏటేట వెలువడుచు వచ్చినవి. 1957లో తాను కన్నుమూయువరకు డాలీ వాని బాగోగులు చూచుచుండెను. లాకవాక్సెన్‌లోని వారి ఇల్లు వస్తుప్రదర్శనశాల అయినది. ఒక తండ్రి చించివేసిన పుటలు మరల రాలేదు. కాని ఆ బాలుడు మరల వ్రాయుటకు ఏటి యొడ్డున ఒక వృద్ధుని మంచిమాటయు, ఇంటియందు ఒక ఇల్లాలి సహనమును చాలినవి. ఆ ఇరువురిలో ఎవ్వరును ఏ పట్టికలోను పేరు కోరినవారు కారు.