లండనులో తెలుగు రాజు చలివేంద్రం

లండను మహానగరంలో, హైడ్ పార్కు ఉత్తరపు అంచున, మార్బుల్ ఆర్చి దాపున, దాదాపు నూరేండ్లపాటు ఒక రాతి జలమంటపం నిలిచియుండినది. బాటసారులు అక్కడ ఆగి దాహం తీర్చుకొనేవారు. దాని ఒక ముఖాన విక్టోరియా రాణి రూపం, మరియొక ముఖాన ఒక తెలుగు రాజు రూపం చెక్కబడియుండినవి. ఆ రాజు విజయనగర సంస్థానాధీశుడు, మూడవ విజయరామ గజపతి. ఆయన తాత ఆంగ్లేయుల సేనను ఎదిరించి ప్రాణం విడిచినవాడు. తాత నేలకొరిగిన చోటినుండి మనుమని రూపం వెలసిన చోటివరకు నడచిన చరిత్ర తెలియనిదే ఆ చెక్కిన ముఖం మనకు ఏమీ చెప్పదు.

ఆ తాత చిన్న విజయరామరాజు. ఈస్టిండియా కంపెనీవారు పేష్కషు బాకీల నెపంతో ఆయన సంస్థానాన్ని స్వాధీనపరచుకొని, నెలకింత భరణం పుచ్చుకొని మచిలీపట్నంలో ఉండుమని ఆజ్ఞాపించినారు. ఆయన పద్మనాభం దగ్గర నిలిచిపోయినాడు. 1794 జూలై 10న అక్కడ జరిగిన యుద్ధంలో తనవారితో కూడ వీరస్వర్గం పొందినాడు. చోడవరం విద్యార్థి ఉదయాన బయలుదేరితే ఆ రణభూమిని కన్నులార చూచి సాయంకాలానికి ఇల్లు చేరగలడు.

ఆ వీరుని కుమారుడు నారాయణబాబు అప్పటికి పసివాడు. కొండ జమీందారుల అండన కొన్నాళ్లు గడిపి, పిదప కంపెనీతో సంధి చేసికొని సంస్థానంలో కొంతభాగాన్ని తిరిగి పొందినాడు. 1802లో శాశ్వత పైసలా జరిగేనాటికి ఆయన చేతిలో నిలిచినవి 1,157 గ్రామాలు. రాజ్యం పోయి జమీ మిగిలినది. అప్పులు పెరిగి ఆ జమీ సైతం సర్కారు నిర్వహణలోనికి పోగా, ఆయన కాశికి తరలిపోయి, 1845లో అక్కడనే కాలధర్మం చెందినాడు.

మూడవ విజయరామ గజపతి 1826లో జన్మించినాడు. తండ్రి పోయేనాటికి ఆయన వయస్సు 19 ఏండ్లు. ఆయనకు సంక్రమించినవి రెండు: తాత కీర్తి, తండ్రి ఋణం. 1852లో జమీ తన చేతికి వచ్చేసరికి, కత్తి దూసే కాలం గడచిపోయినదని ఆయన గ్రహించినట్లు తరువాతి నడవడి తెలుపుతున్నది. ఆయన పట్టినది దానమార్గం. ఉత్తరదేశం సిపాయిల తిరుగుబాటుతో అట్టుడికిన 1857లోనే ఆయన విజయనగరంలో ఇంగ్లీషు పాఠశాల నెలకొల్పినాడు. కాశిలో టౌన్ హాలు కట్టించినాడు. అలహాబాదు మ్యూర్ కళాశాలలోని సభాభవనం నేటికీ విజయనగరం పేరనే పిలువబడుతున్నది. 1864లో సర్కారు ఆయనకు మహారాజ బిరుద మొసగినది. వైస్రాయి శాసననిర్మాణ సభలో స్థానం కూడ లభించినది.

ఇక లండను దానానికి కారణం దాహం. గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో ఆ నగరపు మంచినీరు మురుగుతో కలుషితమై, కలరా పలుమార్లు చెలరేగినది. బీదలకు ఉచితంగా మంచినీరు అందించడానికి 1859లో అక్కడ ఒక సంఘం ఏర్పడినది. ఆ సంఘం ద్వారానే మహారాజు 1867లో జలమంటపాన్ని కట్టించినాడు. రాబర్ట్ కైర్ల్ అనే వాస్తుశిల్పి దానిని రూపొందించినాడు. తెలుగువాని మాటలో చెప్పవలెనంటే అది చలివేంద్రం. వేసవి దారుల ప్రక్క మన పెద్దలు కుండలు పెట్టి చేసిన పుణ్యాన్నే ఆయన సముద్రాల కావల రాతితో చేసినాడు.

ఆనాడు ఇంగ్లండు ప్రజలు భారతీయ రాజులను ఎరిగినది చాలవరకు చెక్కిన బొమ్మలవల్లనే. ఛాయాచిత్రాన్ని నేరుగా వార్తాపత్రికలో అచ్చువేసే ఉపాయం అప్పటికి వాడుకలోనికి రాలేదు. చిత్రకారుడు గీసిన రూపాన్ని గట్టి చెక్కదిమ్మెపై కుడియెడమలు తారుమారుగా దించి, తెల్లగా ఉండవలసిన భాగాలను ఉలితో తొలిచివేసి, మిగిలిన మిట్టగీతలకు సిరా పూసి అచ్చు తీసేవారు. పెద్ద బొమ్మలకు పలు దిమ్మెలు కూర్చి, ఒక్కొక్క దిమ్మెను ఒక్కొక్కరు చెక్కేవారు. చెక్కేవాడు ఆ రాజును ఎన్నడూ చూచినవాడు కానక్కరలేదు. తలపాగా, హారాలు, పతకాలు అతనికి అందుతాయి. వాటి క్రింది హృదయం ఏ ఉలికీ అందదు.

ఆ ముఖాన్ని చూచి తాత శత్రువుల రాణి సరసన మనుమడు నిలిచినాడని నొచ్చుకొనేవారు ఉండవచ్చును. ఆ రాతి ఖర్చు మన పల్లెల రైతుల శిస్తే గదా అని ప్రశ్నించేవారూ ఉండవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానిని మరుగుపరచడం చరిత్ర కాదు. కాని ఆ శిస్తే పాఠశాలగా కూడ మారినది. మహారాజు 1879లో పరమపదించినాడు. ఆ సంవత్సరమే ఆయన పాఠశాల కళాశాల అయినది. గురజాడ అప్పారావు అక్కడనే చదివి, అక్కడనే ఉపాధ్యాయుడైనాడు. మహారాజు కుమారుడు ఆనంద గజపతి గురజాడకు పోషకుడై, మాక్స్ ముల్లర్ ఋగ్వేద ద్వితీయ ముద్రణకు ద్రవ్యసహాయం చేసి, తండ్రి బాటను వాఙ్మయం వైపు విస్తరింపజేసినాడు.

హైడ్ పార్కు జలమంటపాన్ని 1964లో తొలగించినారు. రాణి రూపంతోబాటు రాజు రూపమూ అక్కడినుండి పోయినది. విజయనగరంలోని కళాశాల మాత్రం నిలిచియున్నది. ఏటేట క్రొత్త విద్యార్థులు దాని గడప దాటుతున్నారు. రాతిలో చెక్కినదానికంటె బడిలో చెప్పినది గట్టిదని ఆ రాజు జీవితం ఋజువు చేసినది. పాఠ్యపుస్తకంలో ఏ పాలకుని బొమ్మ కనబడినా, ఆయన ధరించినదేమిటో చూచి విడువక, ఆయన విడిచిపోయినదేమిటో వెదకడం బాలురకు నేర్పదగిన విద్య.