గీతకు నడక నేర్పిన దామెర్ల రామారావుగారు

మగ్గమును నమ్ముకొని తెలుగునాటినుండి బొంబాయికి, భివండీ, టెంఘర్ ప్రాంతములకు తరలివచ్చిన కుటుంబములు ఎన్నియో కలవు. కుంచెను నమ్ముకొని బొంబాయి చేరిన తెలుగువారు మాత్రము ఆ రోజులలో బహు తక్కువ. అట్టివారిలో ఒకరు శ్రీ దామెర్ల రామారావుగారు. చదువు ముగిసిన పిమ్మట వారికి దక్కినవి ఐదేండ్లు మాత్రమే.

వారు 1897 మార్చి 8న రాజమహేంద్రవరమున జన్మించిరి. అక్కడి ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగా చిత్రకారుడు. అడివి బాపిరాజుగారివంటి వారిని ప్రోత్సహించిన ఆ దొరయే ఈ బాలుని చేతిలోని నేర్పును కనిపెట్టెను. ఆయన ప్రోత్సాహముతోనే రామారావుగారు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరి, 1920 నాటికి చదువు ముగించిరి.

అప్పటికి దేశమున రెండు దారులుండెను. బొంబాయిలో పాశ్చాత్య పద్ధతి: వెలుగునీడలు దిద్ది శరీరమును బొమ్మవలె నిలబెట్టుట. కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరుగారి పద్ధతి: రంగును నీటిలో కడిగి కడిగి మంచువలె పరచుట. మొదటిదానిలో నీడ ముదిరినకొలది మనిషి కదలక నిలిచిపోవును; రెండవదానిలో గీత మునిగిపోవును. రామారావుగారు బొంబాయిలో అవయవముల కొలతలు నేర్చిరి గాని, నీడను పలుచన చేసి గీతను పైకి తెచ్చిరి. అజంతా చిత్రములు చూచినవారికి ఆ గీత పుట్టిల్లు ఏదో చెప్పనక్కరలేదు.

చీరల వ్యాపారము చేయువారు దీనిని సులభముగా గ్రహింపగలరు. మడతపెట్టి బల్లమీద ఉంచిన చీర అంచు తిన్నని గీత. దానిలో చలనము లేదు. అదే చీర కట్టుకొని ఒక స్త్రీ నడచినప్పుడు అంచు వంపు తిరుగును, కుచ్చిళ్ళు ఒక ప్రక్కకు ఒరుగును. ఆ వంపును, ఒరుగును పట్టుకొన్న చిత్రకారుడు కాళ్ళను చూపకపోయినను నడక కనిపించును. అడ్డగీత విశ్రాంతి, నిలువుగీత నిలకడ, వాలుగీత కదలిక. మనసులోని భావమును తెలుపుట రంగు పని. చల్లని, మెత్తని రంగులు ప్రక్కప్రక్కన ఉన్నప్పుడు శాంతి. వాటి నడుమ ఒక్క ఎరుపు పడినచో చూపు అక్కడికే పరుగెత్తును.

‘ఋష్యశృంగ బంధనము’ కథ అందరు ఎరిగినదే. స్త్రీని ఎరుగని మునికుమారుని వలపించి తీసికొనిపోవుట అందలి విషయము. కథలోని బంధనమునకు త్రాళ్ళు లేవు; చిత్రమున వంపుగీతలే ఆ పని చేయవలెను. ఈ చిత్రమునకు 1922లో కలకత్తా ప్రదర్శనమున వైస్రాయి బహుమతి లభించెను. ‘సిద్ధార్థ రాగోదయము’, ‘పుష్పాలంకారము’ కూడ వారి ప్రసిద్ధ చిత్రములే.

బొంబాయిలోనో కలకత్తాలోనో నిలిచియున్నచో ధనమునకు లోటుండెడిది కాదేమో. కాని వారు గోదావరి ఒడ్డుకే తిరిగివచ్చి, స్నేహితుడు వరదా వెంకటరత్నముగారి తోడ్పాటుతో చిత్రకళాశాల నెలకొల్పి పిల్లలకు నేర్పిరి. భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు కూడ కుంచె పట్టిరి. ఆ కాలమున ఇంటి ఆడువారు రంగులు కలుపుట సామాన్యమైన సంగతి కాదు.

1925 ఫిబ్రవరి 6న మశూచికము వారిని తీసికొనిపోయెను. అప్పటికి ఇరువదియెనిమిదవ ఏడు నిండలేదు. ఆ చిత్రములు ఇల్లిల్లు చెదరిపోకుండ వెంకటరత్నముగారు కాపాడిరి. రాజమహేంద్రవరమున దామెర్లవారి పేరిట వెలసిన చిత్రశాలలో వాటిని నేటికిని చూడవచ్చును.