వెలుగును మందుగా మలచిన నీల్స్ ఫిన్సెన్



మన గుంటూరు, ప్రకాశం వైపు వారికి ఎండకు కరువు లేదు. కల్లాల్లో మిరపకాయలు ఎండబోసుకోవడానికి ఎండ కావాలి గాని, మన ఒంటికి మాత్రం అది అక్కరలేదు. వేసవి వచ్చిందంటే పల్నాడులోని రెంటచింతల పేరు పత్రికల్లో చూసి, తలకు తువ్వాలు చుట్టుకునే వాళ్ళం మనం. అటువంటి మనకు, ఎండ మొహం వాచిన దేశంలో పుట్టి, వెలుగుతో రోగాలు కుదర్చవచ్చునని లోకానికి చూపిన ఒక డాక్టరు గారి జీవితం తెలియజేయాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆయన పేరు నీల్స్ ఫిన్సెన్. 1860 డిసెంబరు 15న, ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవులలో, టోర్స్‌హావ్న్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. ఆ దీవులు డెన్మార్క్ ఏలుబడిలోనివి. తండ్రి మనవలెనే ప్రభుత్వోద్యోగి. తరువాత ఆ దీవుల పాలనాధికారి అయ్యారు. మన లెక్కలో కలెక్టరు గారన్నమాట. ఫిన్సెన్‌కు నాలుగేళ్ళ వయసులోనే తల్లి పోయింది. డెన్మార్క్‌లో బడికి పంపితే, అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఈ పిల్లవానికి చదువు అబ్బదని తేల్చారట. తండ్రి ఆయనను ఐస్‌లాండ్‌లోని రేక్యవిక్ పాఠశాలకు మార్చారు. 1882లో అక్కడ చదువు ముగించుకుని కోపెన్‌హాగన్ చేరి, 1890లో వైద్యపట్టా పుచ్చుకున్నారు.

అయితే డాక్టరు కాక ముందే ఆయన రోగి అయ్యారు. ఇరవై అయిదేళ్ళు నిండకుండానే జబ్బు లక్షణాలు కనిపించాయి. గుండె, కాలేయం, ప్లీహం మీది పొరలు దళసరెక్కి, పొట్టలో నీరు చేరేది. ఆ నీటిని పలుమార్లు తీయించుకోవలసి వచ్చేది. నీరసం, రక్తహీనత ఎప్పుడూ వెన్నంటి ఉండేవి. ఆయన ఉన్న ఇల్లు ఉత్తరపు ముఖం. గదిలోకి ఎండ రాదు. ఎండలో కూర్చుంటే ఒంట్లో కాస్త ఓపిక వచ్చినట్లుండేది. ఒక పిల్లి నీడ పడినప్పుడల్లా లేచి, మళ్ళీ ఎండ ఉన్న చోటికి జరిగి పడుకోవడం గమనించి, ప్రాణికి వెలుగుతో ఏదో పని ఉన్నదని ఆయన తలపోశారని చెబుతారు. మనం రోజూ చూసే దృశ్యమే. ఆయన దాన్ని విడిచిపెట్టలేదు.

1893లో వెలుగు చర్మం మీద ఎట్లా పనిచేస్తుందో వివరిస్తూ వ్యాసం ప్రకటించారు. మశూచి రోగులను ఎర్ర తెరలు కట్టిన గదిలో ఉంచితే మచ్చలు తగ్గుతాయన్నారు. ఆ మాట తర్వాతి కాలంలో నిలబడలేదు. కాని రెండవ ప్రయత్నం నిలిచింది.

ఆ రోజులలో ఉత్తర ఐరోపాలో చర్మానికి క్షయ సోకే జబ్బు ఉండేది. దానిని లూపస్ అనేవారు. లాటిన్ భాషలో ఆ మాటకు తోడేలు అని అర్థం. ముక్కు, పెదవులు, బుగ్గలు కొరికివేసినట్లయ్యేవి. దానికి కాల్చడం, గీకడం, కోయడం తప్ప వేరే మందు లేదు. అటువంటి వారు ముఖం దాచుకుని నలుగురికీ దూరంగా బ్రతికేవారు. 1895 నవంబరులో కోపెన్‌హాగన్ విద్యుత్ కేంద్రంలో, ఏళ్ళ తరబడి ఆ జబ్బుతో బాధపడుతున్న ఒక ఇంజనీరుకు ఫిన్సెన్ దీపపు వెలుగుతో వైద్యం మొదలుపెట్టారు. రోజుల తరబడి ఓపికగా చేయగా గుణం కనిపించింది. మరుసటి సంవత్సరం, 1896లో, కోపెన్‌హాగన్‌లో వెలుగు చికిత్సకు ప్రత్యేకంగా ఒక సంస్థ వెలిసింది.

ఆ దీపం మనకు కొత్తది కాదు. మన టూరింగ్ టాకీసుల్లో బొమ్మ వేయడానికి రెండు కార్బన్ కడ్డీల మధ్య మిరుమిట్లు గొలిపే మంట పుట్టించేవారు గదా, అదే పద్ధతి. ఆ వెలుగును గొట్టాలలోని కటకాల ద్వారా ఒకచోటికి కూర్చి, వేడి తగలకుండా మధ్యలో నీటిని ఉంచేవారు. రక్తం అడ్డు వస్తే వెలుగు లోపలికి పోదు గనుక, స్ఫటికపు బిళ్ళను చర్మానికి గట్టిగా అదిమి పట్టేవారు. ఒక దీపం చుట్టూ నలుగురు రోగులు, ఒక్కొక్కరి దగ్గర ఒక నర్సు. రోజుకు గంటకు పైగా, నెలల తరబడి సాగే పని అది. 1896 నుంచి 1901 వరకు చికిత్స పొందిన 804 మందిలో నూటికి 83 మందికి నయమయిందని లెక్క తేలింది. డెన్మార్క్ ఆడపడుచు, ఇంగ్లండు రాజకుటుంబపు కోడలు అలెగ్జాండ్రా 1900లో లండన్ హాస్పిటల్‌కు ఈ దీపాన్ని బహూకరించారు.

1902లో వైద్యానికి నోబెల్ బహుమతి, మన సికింద్రాబాదులో మలేరియా దోమ గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్ గారికి దక్కింది. 1903లో అదే బహుమతి ఫిన్సెన్‌కు ఇచ్చారు. కాని స్టాక్‌హోం వెళ్ళి అందుకొనే స్థితిలో ఆయన లేరు. అప్పటికే చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. వచ్చిన సొమ్ములో 50,000 క్రోనర్లు వెలుగు చికిత్స సంస్థకు, 60,000 క్రోనర్లు గుండె, కాలేయ రోగుల ఆసుపత్రికి ఇచ్చివేశారు. మంచం మీద ఉండి కూడా తాను త్రాగిన నీరు, తిన్న ఉప్పు లెక్కగట్టి, శరీరంలో ఉప్పు చేరడం గురించి చివరి వ్యాసం వ్రాశారు. 1904 సెప్టెంబరు 24న, నలభై మూడేళ్ళ వయసులో, భార్యను, బిడ్డలను విడిచి కన్నుమూశారు. ఎందరికో నయం చేసిన వెలుగు ఆయన జబ్బును మాత్రం నయం చేయలేకపోయింది.

తర్వాత స్ట్రెప్టోమైసిన్, 1952 నుంచి ఐసోనియాజిడ్ వచ్చి చర్మక్షయకు దీపాలు అక్కరలేకుండా పోయాయి. ఆ దీపం ఫిన్సెన్ అనుకొన్న రీతిలో గాక వేరే రీతిలో పనిచేసి ఉంటుందని 2005లో డెన్మార్క్ శాస్త్రజ్ఞులే వివరించారు. అయినా ఆయన వేసిన బాట చెరగలేదు. పచ్చకామెర్లతో పుట్టిన పసికందులను నీలికాంతి క్రింద పడుకోబెట్టడం మనం ఎరుగుదుము. బొల్లికి, సోరియాసిస్‌కు 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి వాడుతున్నారు. మన పెద్దలు బావంచి గింజలు నూరి పూసి బొల్లి మచ్చలను ఎండకు చూపేవారు. ఆ గింజలలోని సోరాలెన్ అనే పదార్థం చర్మం మీద వెలుగు ప్రభావాన్ని పెంచుతుందని తర్వాత తెలిసింది. అందుకే అది సొంతంగా చేసుకోదగిన వైద్యం కాదు. మోతాదు మించితే బొబ్బలెక్కుతాయి. డాక్టరు గారి పర్యవేక్షణ తప్పనిసరి.

ఇదంతా నాకెందుకు పట్టిందో కూడా చెప్పాలి. నాది సోరియాసిస్. అది అంటువ్యాధి కాదు. అయినా నేను గుమస్తాగా ఉన్న రోజుల్లో నా మోచేతుల మీది పొలుసులు చూసి, నా చేతి నుంచి ఫైలు అందుకోవడానికి వెనుకాడిన వారున్నారు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పేవేళ నా ప్రక్క కుర్చీ ఖాళీగా ఉండేది. ఎవరినీ తప్పు పట్టను. తెలియక చేసిన పని. డెబ్బయి దాటాక, వారానికి మూడుసార్లు కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని దీపాల పెట్టెలో నిలబడ్డాను. మొదట కొన్ని సెకన్లు, తర్వాత మెల్లగా పెంచారు. నెలలు గడిచేసరికి చర్మం చాలావరకు నునుపయింది. మళ్ళీ రాదని డాక్టరు గారు మాట ఇవ్వలేదు. కాని క్రిందటి సంక్రాంతికి పొట్టి చేతుల చొక్కా వేసుకుని బంతిలో కూర్చున్నాను. మనవడు వచ్చి నా ప్రక్కనే కూర్చున్నాడు.

ఫిన్సెన్ గారు ఆ రోగులకు నయం చేసింది చర్మం ఒక్కటే కాదు, నలుగురిలో కూర్చునే యోగ్యత తిరిగి ఇచ్చారని నాకు అప్పుడు బోధపడింది. మన సభ్యులలో గాని, వారి ఇళ్ళలో గాని ఇటువంటి జబ్బును దాచుకుని కుములుతున్న వారుంటే, సిగ్గు విడిచి చర్మవైద్యుని కలవవలసిందిగా నా మనవి. అటువంటి వారు మన సమావేశానికి వచ్చినప్పుడు వారి ప్రక్క కుర్చీలో కూర్చోవడం మన వంతు.

ఆ మహనీయునికి నా జోహార్లు.