మదర్ జోన్స్

మేరీ హారిస్ జోన్స్ (1837 - 1930 నవంబరు 30) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన కార్మిక నాయకురాలు. బొగ్గు గని కార్మికుల సమ్మెలలో పాల్గొని, మదర్ జోన్స్ అను పేరుతో ప్రసిద్ధి చెందినది.

తొలి జీవితము

మేరీ ఐర్లాండులోని కార్క్ నగరములో జన్మించినది. తాను 1830 మే 1న పుట్టినట్లు చెప్పుకొనినను, ఈమెకు బాప్తిస్మము జరిగినది 1837 ఆగష్టు 1న. కుటుంబముతో కెనడాకు వలస వెళ్ళి, టొరంటోలో చదువుకొని, ఉపాధ్యాయినిగా పనిచేసినది. 1861లో మెంఫిస్ నగరములో ఇనుప పోత కార్మికుడైన జార్జ్ జోన్స్‌ను వివాహమాడినది. 1867లో ఎల్లో ఫీవర్ అను అంటువ్యాధి వలన భర్త, నలుగురు పిల్లలు మరణించిరి. తరువాత చికాగోలో నడిపిన కుట్టుపని దుకాణము 1871 నాటి అగ్నిప్రమాదములో కాలిపోయినది. అటుపిమ్మట ఈమె కార్మికోద్యమములో చేరినది.

గని కార్మికుల సమ్మెలు

ఆ కాలమున అనేక గని ప్రాంతములలో ఇండ్లు, దుకాణములు కంపెనీలవే. సమ్మె చేసిన కుటుంబములను ఇండ్లనుండి వెళ్ళగొట్టుట పరిపాటి. కనుక స్త్రీలు కూడా నిలబడిననే సమ్మె నిలుచునని మేరీ గ్రహించినది. పెన్సిల్వేనియాలోని ఆర్నాట్ సమ్మెలో (1899-1900) కార్మికుల భార్యలు ఈమె ప్రోత్సాహముతో చీపుళ్ళు పట్టుకొని, రేకు పళ్ళెములు మ్రోగించుచు, సమ్మెను భంగపరచ వచ్చిన కూలీలను తరిమివేసిరి.

వెస్ట్ వర్జీనియాలో 1912-13లో జరిగిన సమ్మెలో సైనిక న్యాయస్థానము ఈమెకు 20 సంవత్సరముల శిక్ష విధించినది. 85 రోజుల నిర్బంధము తరువాత విడుదలైనది. కొలరాడో సమ్మె (1913-14) కాలమున వాల్సెన్‌బర్గ్ న్యాయస్థాన భవనపు నేలమాళిగలో ఈమెను బంధించిరి. 1914 ఏప్రిల్ 20న అచటి లడ్లో గుడారములపై సైనికులు కాల్పులు జరిపి నిప్పంటించగా, గుడారము క్రింది గోతిలో దాగిన ఇద్దరు స్త్రీలు, 11 మంది పిల్లలు ఊపిరాడక మరణించిరి. యూనియన్‌కు గుర్తింపు లభించకనే ఆ డిసెంబరులో సమ్మె ముగిసినది.

విమర్శలు

స్త్రీల ఓటు హక్కు ఉద్యమమును ఈమె బలపరచలేదు. 1921లో వెస్ట్ వర్జీనియా కార్మికులు సాయుధులై బయలుదేరినపుడు, రక్తపాతమును ఆపదలచి, అధ్యక్షుడు హార్డింగ్ పంపిన తంతియని చెప్పి ఒక కాగితమును చూపినది. అది నిజము కాదని తేలుటతో అచటి కార్మికులలో కొందరి నమ్మకమును కోల్పోయినది.

చివరి రోజులు

ఈమె ఆత్మకథ 1925లో వెలువడినది. 1930లో మేరీలాండ్ రాష్ట్రములో మరణించినది. 1898 నాటి వర్డెన్ ఘర్షణలో చనిపోయిన గని కార్మికుల ప్రక్కన, ఇల్లినాయిస్‌లోని మౌంట్ ఆలివ్ శ్మశానములో ఈమె కోరిక మేరకు ఖననము చేసిరి.