జలాంతర్గామిలో మన హైదరాబాదీ: ఆబిద్ హసన్ సఫ్రానీ

మన హిల్ కాలనీలో గాని, పైలాన్ కాలనీలో గాని బడి పిల్లవాణ్ణి పిలిచి అడగండి. సుభాస్ చంద్రబోసు గారు జర్మనీ నుంచి జలాంతర్గామిలో ఆసియాకు వచ్చారని టక్కున చెబుతాడు. మరి ఆ ప్రయాణంలో ఆయన వెంట వున్న మరొక భారతీయుడు యెవరు బాబూ అంటే మాత్రం తెల్లమొహం వేస్తాడు. పిల్లవాడి సంగతి యెందుకు, పోయిన రంజానులో ఇఫ్తారు దగ్గర కూర్చున్న పెద్దలనే అడిగాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మనిషి యెక్కడో వంగదేశం వాడు కాదు, పంజాబు వాడూ కాదు. మనకు నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో వున్న హైదరాబాదులో, ట్రూప్ బజారులో పెరిగిన ముస్లిం యువకుడు. పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. లోకం ఆయనను ఆబిద్ హసన్ సఫ్రానీ అన్నది.

ఆయన 1911లో పుట్టారు. తల్లి ఫక్రుల్ హాజియా బేగం గారిని అందరూ అమ్మాజాన్ అనేవారు. నిజాం రాజ్యంలో కాంగ్రెసు మాట పైకి అనడానికే జంకే రోజుల్లో, ఆమె తమ ఇల్లు ఆబిద్ మంజిల్‌లో విదేశీ గుడ్డలు కాల్పించారు. ఖద్దరు కట్టారు. ఆమె పెద్ద కొడుకు బద్రుల్ హసన్ గాంధీ గారి పత్రిక పనిలో వున్నారు. అలాంటి తల్లి కడుపున పుట్టిన పిల్లవాడు చదువు వదిలి సాబర్మతి ఆశ్రమానికి పోవడంలో ఆశ్చర్యం యేముంది! శాసనోల్లంఘనలో నాసిక్ జైలు కూడా చూశారు. ఆ తర్వాత ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్లారు. ఉన్న కుటుంబాల పిల్లలు లండను పోయే కాలం అది. ఇంగ్లీషు వాడి చదువు మనకొద్దని ఆ ఇంట్లో వారి పట్టుదల.

యుద్ధం మొదలైనప్పుడు ఆయన జర్మనీలోనే వున్నారు. 1941 ఏప్రిల్‌లో బోసు గారు కాబూలు, మాస్కోల మీదుగా బెర్లిను చేరారు. ఆఫ్రికా ఎడారిలో బ్రిటిషు సైన్యం తరఫున పోరాడి జర్మనీకి, ఇటలీకి పట్టుబడిన మన సిపాయిలు వేల మంది అక్కడి శిబిరాల్లో వున్నారు. వారిలో నుంచి సుమారు 3000 మందితో ఒక దళం తయారైంది. ఆబిద్ హసన్ చదువు పక్కన పెట్టి బోసు గారికి సెక్రటరీ, దుబాసీ అయిపోయారు. శిబిరాలకు వెళ్లి సిపాయిలను కలిసి మాట్లాడేది కూడా ఆయనే.

ఆ శిబిరంలోనే వచ్చింది అసలు చిక్కు. ఒకరు రామ్ రామ్ అంటారు, ఒకరు సలాం అంటారు, సిక్కులు సత్ శ్రీ అకాల్ అంటారు. బ్రిటిషు వాడు మతం వారీగా, కులం వారీగా పటాలాలు కట్టి పెట్టాడు గనుక సిపాయికి తన జట్టే తెలుసు. అందరూ ఒక్కటిగా చెప్పుకునే పలకరింపు ఒకటి కావాలని బోసు గారు అడిగారు. రాజపుత్ర సిపాయిలు జై రాంజీ కీ అనుకోవడం విని, ఆబిద్ హసన్ దానిని జై హిందుస్తాన్ కీ అని మార్చి, చివరకు జై హింద్ అని కుదించారని చెబుతారు. ఆ మాటకు ముందే వేరొకరిని కర్తగా చెప్పేవారూ వున్నారు. ఆ తగవు పండితులకు వదిలేద్దాం. సైన్యంలో వాడుకలోకి తెచ్చిన మనిషి ఈయన అన్నంత వరకు చాలు.

జెండా రంగు మీద కూడా మాట వచ్చింది. హిందువులు కాషాయం అన్నారు, ముస్లింలు ఆకుపచ్చ అన్నారు. చివరికి హిందూ సిపాయిలే తమ పట్టు వదులుకున్నారు. అది చూసి ఆబిద్ హసన్ మనసు కదిలింది. వారు వదులుకున్న రంగును తన పేరులో పెట్టుకున్నారు. కుంకుమ పువ్వు రంగును మన ఇళ్లల్లో జాఫ్రానీ అంటాం గదా, అదే ఈ సఫ్రానీ. నమాజు మానలేదు, పేరు మానలేదు, ఎదుటివాడి రంగు తన పేరు పక్కన చేర్చుకున్నారు అంతే.

ఇక ఆ ప్రయాణం. 1943 ఫిబ్రవరి 9న కీల్ రేవు నుంచి యు-180 అనే జర్మను జలాంతర్గామి బయలుదేరింది. యెక్కడికి పోతున్నామో ఆబిద్ హసన్‌కు ముందుగా చెప్పలేదు. ఆ ఓడ పొడవు సుమారు 87 మీటర్లు. మన సాగర్ డ్యాం పునాది నుంచి 124 మీటర్లు గదా, ఆ ఓడను నిలువునా నిలబెట్టినా డ్యాం పైఅంచు అందదు. అందులో యాభై మందికి పైగా మనుషులు, టార్పెడోలు, బ్యాటరీలు, డీజిలు. రాత్రిళ్లు నీటిపైకి తేలి ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకోవాలి, శత్రువు జాడ తెలిస్తే మునగాలి. రొట్టెకూ డీజిలు వాసనే, దుప్పటికీ డీజిలు వాసనే. ఎక్కడో బియ్యం, పప్పు దొరికితే ఆబిద్ హసన్ కిచిడీ వండేవారు. బోసు గారు ఆ కొంచెం కిచిడీకీ జర్మను అధికారులను పిలిచేవారట. సరుకు అయిపోతోందే అని వండే మనిషి లోలోపల గుంజాటన పడేవారు.

పని మాత్రం ఆగలేదు. బోసు గారు చెబుతుంటే ఈయన రాసుకునేవారు. జపాను ప్రధాని తోజో యేమేమి అడుగుతాడో ఈయన తోజోలాగా కూర్చుని అడగాలి, ఆయన జవాబు చెప్పాలి. ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికా తీరం దగ్గర ఆ జలాంతర్గామి కార్బిస్ అనే బ్రిటిషు చమురు ఓడను ముంచింది. ఓడలోని నావికులు సముద్రం పాలయ్యారు. యుద్ధమంటే అదీ. కథ చెప్పేటప్పుడు మనం ఆ మాట దాచరాదు.

ఏప్రిల్ చివరి వారంలో మడగాస్కరు దాటాక జపాను వారి ఐ-29 జలాంతర్గామి యెదురైంది. సముద్రం అల్లకల్లోలంగా వుంది. రెండు ఓడల మధ్య తాడు కట్టి, రబ్బరు తెప్ప మీద ఇద్దరినీ దాటించారు. తడిసి ముద్దయ్యారు. ఆ తెప్పల మీదే ఇద్దరు జపాను నౌకాధికారులు, రెండు టన్నుల బంగారం జర్మనీ ఓడకు చేరాయి. మే మొదటి వారంలో సుమత్రా పక్కన వున్న సబాంగు రేవులో వీరు నేల మీద కాలు పెట్టారు. దాదాపు మూడు నెలలు! తర్వాత యేడాదిలోనే, 1944 జూలైలో ఐ-29నూ, ఆగస్టులో యు-180నూ సముద్రం మింగింది.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. హిట్లరు యూదులను చంపించిన దుర్మార్గుడు. జపాను సైన్యం చైనాలో, మలయాలో చేసినవీ చిన్న పాపాలు కావు. శత్రువుకు శత్రువు అని వారి సాయం పట్టిన దారి సరైనదా కాదా అని నేటికీ వాదిస్తారు. పైగా బ్రిటిషు సైన్యంలోనే 25 లక్షల మంది భారతీయులు వున్నారు. ఇంఫాలులో రెండు వైపులా మనవాళ్లే నిలబడ్డారు. పిల్లలకు చెప్పేటప్పుడు ఇదంతా కలిపి చెప్పాలని నా అభిప్రాయం.

1943 అక్టోబరు 21న సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. 1944 మార్చిలో జపాను సైన్యంతో కలిసి ఇంఫాలు మీదికి దండు కదిలింది. జపాను సేనాని ముతాగుచి కొద్ది వారాల తిండి చాలు, ఈలోగా ఇంఫాలు గోదాములు చిక్కుతాయని లెక్క వేశాడు. చిక్కలేదు. బ్రిటిషు వారు విమానాల్లో సామాను దింపుకుంటూ నిలబడ్డారు. అంతలో వానలు విరుచుకుపడ్డాయి. ఒక లెక్క ప్రకారం అక్కడికి వెళ్లిన సుమారు 6000 మంది ఐ.ఎన్.ఏ. సిపాయిల్లో పోరులో చనిపోయినవారు 400 అయితే, ఆకలితో, మలేరియాతో, విరేచనాలతో పోయినవారు 1500. తూటా కన్నా ఆకలే ఎక్కువమందిని తిన్నది. ఆబిద్ హసన్ ఆ బురదదారిలో వారితో కలిసి వెనక్కి నడిచారు. తర్వాత చాలా ఏళ్లకు ఆ సిపాయిల గురించి ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్ అనే వ్యాసం రాశారు. బలూచీ, అస్సామీ, మలయాళీ, పఠాను, సిక్కు అందరూ తన మతం తాను వదలకుండానే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచారని అందులో చెబుతారు.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. బోసు గారు సింగపూరు నుంచి బ్యాంకాకు, అక్కడి నుంచి సైగాను చేరారు. ఆబిద్ హసన్ కూడా వెంట వున్నారు. సైగానులో జపాను వారు విమానంలో చోటు లేదన్నారు. బోసు గారికి కాక ఒక్కరికే చోటు. ఆ చోటు హబీబుర్ రహమాన్ గారికి దక్కింది. మూడు నెలలు సముద్రం కింద వెంట వున్న మనిషి ఒడ్డున మిగిలిపోయారు. ఆగస్టు 18న తైపేలో ఆ విమానం కూలింది.

ఖైదు అయింది, ఎర్రకోట విచారణల తర్వాత విడుదలా అయింది. ఒక బల్బుల కంపెనీలో వుద్యోగం దొరికి కరాచీకి పోయారు. దేశం రెండు ముక్కలైనప్పుడు అక్కడే వుండిపోవచ్చు, చాలామంది అట్లాగే వున్నారు. ఆయన హైదరాబాదుకు తిరిగి వచ్చారు. విదేశాంగ శాఖలో చేరి అనేక దేశాల్లో పనిచేసి, డెన్మార్కులో రాయబారిగా వుండి, 1969లో పదవీ విరమణ చేశారు.

తర్వాత హైదరాబాదు శివార్లలో, హుస్సేన్ షా వలీ దర్గా దగ్గర భూమి కొని చెట్లు పెంచుకుంటూ వుండిపోయారు. 1984 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ఆయన అన్న బద్రుల్ హసన్ గారి కుమార్తె సురయ్యా బోసు గారి సోదరుని కుమారుణ్ణి పెళ్లాడారు. పినతండ్రి భూమి మీదనే ఆమె మగ్గాలు పెట్టించి, దిక్కులేని వితంతువులకు హిమ్రూ నేత నేర్పించారు. వారి పిల్లల కోసం పక్కనే బడి కట్టించి, సఫ్రానీ మెమోరియల్ హైస్కూలు అని పేరు పెట్టారు. ఆమె 2021లో పోయారు. దర్గా జియారతుకు వెళ్లే మనవాళ్లు ఆ దారినే పోతుంటారు.