బండారు అచ్చమాంబ

మన ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల బాలబాలికలు ఇంట నొక భాషయు, అంగడిలో వేఱొక భాషయు వినుచు పెరుగుదురు. పరభాషల నడుమ నివసించియు తెలుగున గ్రంథరచన చేసిన ఈ విదుషి చరిత్రము వారికి రుచింపక మానదు.

అచ్చమాంబ 1874లో కృష్ణామండలమున, నందిగామ ప్రాంతమున జన్మించెను. ఆఱవయేట తండ్రి గతించెను. పదవయేట బండారు మాధవరావుతో వివాహమయ్యెను. ఆమె బడికి పోయి చదివినది కాదు. మధ్యపరగణాలలో కాపురమునకు వెళ్లిన పిదప, తమ్ముడు కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు చదువునకై ఆమె యింటనే యుండెను. తమ్ముడు బడిలో నేర్చినది అక్క యింట నేర్చెను. తెలుగే గాక హిందీ, మహారాష్ట్రము, గుజరాతీ, వంగభాష, కొంత సంస్కృతము ఆమెకు వశమయ్యెను. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యుడు ఈ తమ్ముడే.

కన్నబిడ్డ లిరువురు బాల్యముననే మరణింపగా, ఆమె అనాథబాలలను ఇంట నుంచుకొని చదువు చెప్పించెను.

స్త్రీలకు స్వభావముచేతనే బుద్ధిబలము తక్కువయనియు, చదివించినచో చెడిపోవుదురనియు ఆనాడు పెద్దలు పలువురు నమ్మియుండిరి. ఆమె వారితో వాదమునకు దిగలేదు. తాను నేర్చిన భాషలలోని గ్రంథములు వెదకి, వేయి సంవత్సరముల భారతస్త్రీల చరిత్రములను సమకూర్చెను. అదియే 1901లో వెలువడిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రథమభాగము. రాజ్యము లేలినవారిని, శాస్త్రము లెఱిగినవారిని వర్ణించు పుస్తకమునకు 'అబల' యను పేరు! నాకు మాత్ర మిందు చిఱునవ్వు కనబడుచున్నది.

పత్రికలకును ఆమె విరివిగా వ్రాసెను. 1902లో 'హిందూసుందరి'లో అచ్చయిన 'ధనత్రయోదశి' కథలో, పేదరికముచే యజమాని ధనమునకు ఆశపడిన భర్తను ఇల్లాలు నివారించును. గురజాడవారి 'దిద్దుబాటు' (1910) కంటె ఇది ఎనిమిదేండ్లు ముందుది. కావున దీనినే తొలి తెలుగు కథానికగా ఇప్పుడు పలువురు విమర్శకులు గణించుచున్నారు. ఆ 1902లోనే బందరులో ఓరుగంటి సుందరీరత్నమాంబతో గూడి బృందావన స్త్రీసమాజమును నెలకొల్పెను.

తరువాత మధ్యపరగణాలలో ప్లేగు చెలరేగెను. అది సోకినవారిని బంధువులే విడిచిపోవు కాలమది. అచ్చమాంబ రోగులయొద్ద నుండి పరిచర్య చేసెను. ఆ వ్యాధియే తనకును సోకి, 1905 జనవరి 18న మరణించెను. అప్పటికి ముప్పదియేండ్లు.

రత్నమాల రెండవభాగమున వేదపురాణకాలపు స్త్రీలను గూర్చియు, మూడవభాగమున అన్యదేశస్త్రీలను గూర్చియు వ్రాయవలెనని ఆమె సంకల్పము. ఆ మూడవభాగము వెలువడనే లేదు.