లూయీ బ్రెయిలు చరిత్రము

ఫ్రాన్సు దేశపు రాజధానియగు పారిసు నగరమునకు తూర్పున కూవ్రే యను చిన్న పల్లెటూరు కలదు. ఆ యూర సిమోన్ రెనే బ్రెయిలు అనునతడు గుఱ్ఱములకు జీనులును, కళ్ళెపు వారులును కుట్టి జీవించుచుండెను. అతని నలుగురు బిడ్డలలో కడగొట్టువాడు లూయీ. ఇతడు 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీని జన్మించెను.

బాలునకు మూడేండ్ల వయసు వచ్చెను. తండ్రి పనిచేయు కొట్టులో తోలుముక్కతో నాడుకొనుచుండగా చేతిలోని ఆరె జారి కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ గాయము చీముపట్టి, వ్యాధి రెండవ కంటికిని ప్రాకెను. అట్టిదానిని నిలుపగల మందు ఆనాటి వైద్యుల కెవ్వరికిని తెలియదు. అయిదవయేడు వచ్చునప్పటికి రెండు కన్నులును పూర్తిగ పోయెను. ఈ పంక్తులు చదువు తల్లిదండ్రులు తమ యింట ఆరెయు, కత్తెరయు, సూదియు ఎచ్చట నుంచితిమో ఒక్కమారు లేచి చూచుకొందురు గాక!

ఆ కాలమున చూపులేని పేదపిల్లవానికి మిగులు వృత్తి తరచుగా యాచకత్వమే. సిమోన్ అట్లు తలపలేదు. కుమారునకు చేతికఱ్ఱ చెక్కియిచ్చి వీధులు నడచుట నేర్పెను. పలకమీద మేకులను అక్షరముల యాకారమున దిగగొట్టి వ్రేళ్ళతో తడవి గుర్తింపజేసెను. 1815వ సంవత్సరమున ఆ గ్రామమునకు క్రొత్తగా వచ్చిన జాక్ పల్యూయి అను గురువు బాలుని చురుకుదనము కనిపెట్టి, తానే కొంతకాలము పాఠములు చెప్పి, పిమ్మట ఊరిబడి ఉపాధ్యాయుడైన ఆంత్వాన్ బెషెరే గారితో మాటలాడి బడిలో చేర్పించెను.

చూపులేని పిల్లవానిని అందరితోపాటు బల్లమీద కూర్చుండబెట్టుట ఆనాడు వింత. బెషెరే గారు కాదనలేదు. లూయీ విన్నదానిని మఱవడు. లెక్కలను మనసులోనే కట్టి యితరులకంటె ముందుగ జవాబు చెప్పును. కొలదికాలములోనే తరగతిలో మేటివాడని పేరుపొందెను. కాని మిగిలిన పిల్లలు పుస్తకములు తెఱచిన తోడనే ఇతడు చేతులు ఒడిలో నుంచుకొని యూరకుండవలసివచ్చెడిది. చెవితో వచ్చు చదువు ఎంతదూరము పోగలదో అంతదూరము పోయి ఆగెను. ఆ బడిలో దయకు లోటు లేదు, పుస్తకమునకే లోటు. చూపున్నవారి నడుమ చూపులేనివారిని చదివించు ఉపాధ్యాయులు నేటికిని ఎదుర్కొను చిక్కు ఇదియే.

పల్యూయి గారి ప్రయత్నమువలన 1819వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీని, పదేండ్ల లూయీ పారిసులోని రాజకీయ అంధబాలుర విద్యాలయమున చేరెను. వాలంతిన్ ఆయుయి అను మహానుభావుడు 1785లో స్థాపించిన బడి యది. కట్టడము పాతది, తేమ యెక్కినది. అచ్చట సామాన్యాక్షరములనే పెద్దవిగజేసి తడికాగితముపై ఉబ్బునట్లు అచ్చొత్తిన పుస్తకములు కొన్ని యుండెను. ఒక్కొక్క పుస్తకమును మోయుటయే కష్టము. ఒక్కొక్క యక్షరపు వంకరలను వ్రేలితో చుట్టివచ్చి చదువుసరికి వాక్యపు మొదలు మఱపునకు వచ్చెడిది. పైగా ఆ లిపిని విద్యార్థి తనంతట తాను వ్రాయజాలడు.

1821లో చార్లెస్ బార్బియే అను సైనికోద్యోగి తాను కల్పించిన యొక చుక్కల లిపిని విద్యాలయమునకు తెచ్చెను. ఒక్కొక్క గుర్తునకు పండ్రెండు చుక్కలవఱకుండును. అవి పలుకుబడినేగాని వర్ణక్రమమును తెలుపవు. విరామచిహ్నములు లేవు, అంకెలు లేవు. అయినను గీతకంటె చుక్క వ్రేలికి సులభముగ నందునని లూయీ గ్రహించెను. పగలు పాఠములు, సెలవులకు ఇంటికి పోయినప్పుడును చుక్కలే పని. 1824 నాటికి, పదునైదవయేట, పండ్రెండు చుక్కలను ఆరునకు దించెను: ఎడమవరుస మూడు, కుడివరుస మూడు. ఈ యారింటిని ఉంచుటచేతను, విడుచుటచేతను అఱువదిమూడు గుర్తులేర్పడును. గుర్తు ఎంత పెద్దదైనను వ్రేలికొన క్రింద ఒక్కమారే యిముడును. ఇంతకంటె వేఱు రహస్యము లేదు. ఆ చిన్న కొలతయే సర్వమును. 1829లో ఈ పద్ధతిని గూర్చి పుస్తకము ప్రకటించెను. 1837లో దానిని సంస్కరించెను. సంగీతమునకు గూడ చుక్కలనే వాడెను, ఏలయనగా ఇతడు పారిసు దేవాలయములలో ఆర్గను వాయించిన సంగీతజ్ఞుడు. (చూపు మందగించిన మన ద్వారం వెంకటస్వామినాయుడుగారు విజయనగర సంగీతకళాశాలకు 1936లో అధ్యక్షులైరని యిచ్చట తలచుకొనుట తప్పు కాదు.)

లూయీ ఆ విద్యాలయముననే ఉపాధ్యాయుడయ్యెను. పిల్లలు చుక్కలను ఆశతో నేర్చుకొనిరి. కాని 1840లో అధ్యక్షపదవికి వచ్చిన ద్యూఫో గారు వానిని ఒప్పుకొనలేదు. చూపులేనివారికి వేఱు లిపి యిచ్చినచో వారు లోకమునుండి వేఱుపడుదురనియు, అందఱు చదువు అక్షరములే వారును చదువవలెననియు చూపున్న ఉపాధ్యాయులు పలువురు వాదించిరి. ఈ వాదమును నవ్వి త్రోసివేయరాదు. అందఱును కలిసియుండవలెనను కోరికయే దానికి మూలము. అయితే కలిసియుండుటకు వారు కోరిన మూల్యము చదువే! కన్నున కనుకూలమైన అక్షరము వ్రేలికి అనుకూలము కాదన్న సంగతిని వారు తమ వ్రేళ్ళతో పరీక్షింపలేదు. పిల్లలు మాత్రము చాటుగ చుక్కలతోనే వ్రాసికొనుచుండిరి. ఉపాధ్యక్షుడు గాదే గారు ఈ సంగతి గ్రహించి ద్యూఫో గారి మనసు మార్చెను. 1844వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో క్రొత్తభవన ప్రారంభసభలో విద్యార్థులు అందఱియెదుటను చుక్కలతో వ్రాసి, చదివి చూపిరి.

వేఱుపడుదురన్న యాక్షేపణకు లూయీ తగవులాడి జవాబు చెప్పలేదు. 1839లోనే మఱియొక పద్ధతిని ప్రకటించియుండెను. అందు సామాన్యాక్షరములనే చుక్కల వరుసలతో రూపించి చూపున్నవారు కంటితో చదువునట్లు వ్రాయవచ్చును. పిమ్మట ఫూకో యను అంధమిత్రుడు దానికి యంత్రమునుగూడ చేసెను. అప్పటినుండి చూపులేని కుమారుడు ఇంటికి తన చేతితోనే జాబు వ్రాయగలిగెను.

క్షయరోగము ఇతనిని చాలకాలముగ పీడించుచుండెను. 1852వ సంవత్సరము జనవరి 6వ తేదీని, నలువదిమూడేండ్లు నిండిన రెండవదినమున, లూయీ మరణించెను. ఆ విద్యాలయము చుక్కల లిపిని విధిగ అంగీకరించినది 1854లో!

మన దేశమున వేర్వేఱు ప్రాంతములవారు వేర్వేఱు చుక్కల లిపులను వాడుచుండగా, 1951లో భారతి బ్రెయిలు అను ఏకపద్ధతి కుదిరెను. అందు క యను అక్షరము తెలుగునకును, హిందీకిని, తమిళమునకును ఒక్కటియే. గుణింతములు లేవు, హల్లు ప్రక్కన అచ్చును ఉంచుటయే. మన ఖిల్లా ఘణపురపు పేరులోని ఖిల్లా యను మాటను చూడుడు: ఖ, ఇ, పొల్లుగుర్తు, ల, ల, ఆ, అని ఆరు గడులు. ఖకారమునకు కుడివరుసలోని పైచుక్కయు, క్రిందిచుక్కయు చాలును. పలకయు ములుకును పట్టి వ్రాయునప్పుడు కాగితము వెనుకనుండి పొడువవలెను గావున కుడినుండి యెడమకు వ్రాసి, త్రిప్పి, యెడమనుండి కుడికి చదువుదురు. ఒక సాయంకాలమున విద్యార్థు లెవ్వరైన ఈ మాటను దళసరి కాగితముపై పొడిచి, కన్నులు మూసికొని తడవిచూతురు గాక.

ప్రభుత్వద్రవ్యముతో నడచు, లేక ప్రభుత్వము గుర్తించిన బడులు అంగవైకల్యముగల పిల్లలను భేదము లేక చేర్చుకొని యితరులతోపాటు చదివింపవలెనని 2016 నాటి చట్టము చెప్పుచున్నది. బెషెరే గారు ఏ చట్టమును లేకయే తలుపు తెఱచిరి. తలుపు తెఱచిన పిదప చేయవలసిన పనులు చిన్నవే: నల్లబల్లమీద వ్రాయుచు ఇది, అది యనక ప్రతి మాటను, ప్రతి అంకెను పైకి చదువుట, పటమును గీచునప్పుడు దారమును అంటించి వ్రేలికి తగులునట్లు చేయుట, పాఠపుస్తకము ఇతరులకందిన దినముననే చుక్కల పుస్తకమునుగూడ అందజేయుట. ఈ కడపటిది చిన్నదని వ్రాసితిని గాని, ఎక్కువ భంగపాటు దానియందే.

లూయీ దేహమును మొదట కూవ్రేలోనే ఖననము చేసిరి. నూరేండ్లు గడచినపిదప, 1952లో, ఫ్రెంచి ప్రభుత్వమువారు దానిని తీసి మహాపురుషుల సమాధులుండు పారిసులోని పాంతియోనునకు గౌరవముతో గొనిపోయిరి. ఊరివారు చేతులను మాత్రము విడువలేదు. అవి చిన్న పేటికలో, ఆ పల్లెటూరి శ్మశానముననే యున్నవి.